జేనా, జెడ్డా?

రైల్వేవాళ్లు మా ఊరి పేరును జెడ్‌తో రాస్తారు, చివర ఏ కూడా తగిలిస్తారు. పార్లమెంటు నియోజకవర్గమయ్యేసరికి అదే ఊరు జేకి మారుతుంది, ఆ ఏ ఊడిపోతుంది. అంగళ్ల బోర్డుల మీదైతే పెయింటరు దయ. స్పెల్లింగ్ కుదరలేదని ఇక్కడ రైలు ఆగిందీ లేదు, ఓటు చెల్లనిదీ లేదు. అట్లాంటి రాజంపేటలో నాలుగో తరగతి పిల్లోడు ఒక్క అక్షరం అటూ ఇటూ రాస్తే మాత్రం వాని బతుకు చెడిపోయినట్టే!

అందుకని స్పెల్ బీ అనే జాతర మొదలైంది. ఫీజు కట్టిన ప్రతి బిడ్డకూ ఒక మెడల్, ఒక సర్టిఫికెట్టు, ఫ్లెక్సీ మీద ఒక ఫొటో. ఎందుకయ్యా ఇదంతా అంటే, అమెరికాలో మనోళ్లు గెలుస్తా ఉంటే చూడలేదా అంటారు. చూసినాం. 2024లో నల్గొండ మూలాలున్న బృహత్ సోమ 90 సెకన్లలో 29 మాటలు తప్పులేకుండా చెప్పి గెలిచినాడు. సంతోషం. అయితే ఆ పోటీలో పిల్లలు ముందు అడిగేది ఈ మాట ఏ భాషది, దీని అర్థమేంది అని. గ్రీకు, లాటిన్ ధాతువులు చదివి వస్తారు వాళ్లు. ఆ ప్రశ్న మన క్లాసులో వేసి చూడండి. ‘‘నోరు మూసుకోని పదిసార్లు రాయ్!’’

ఆ రాయించే మాటలేమైనా తిన్నగా ఉన్నాయా? అప్పు అని అర్థమున్న డెట్ అనే మాటలో బి ఉంది. ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నప్పుడు లేదు. లాటిన్ వాసన కొట్టాలని పండితులు తర్వాత ఇరికించినారు. దాన్ని పలికే దొర ఒక్కడూ లేడు. ఐలండ్‌లో ఎస్ ఇంకా అన్యాయం. ఐల్ అనే వేరే మాటను చూసి, ఇదీ దాని చుట్టమే అనుకోని అంటించినారు. వందల ఏండ్ల కిందటి పండితుల డాబుకు ఈ పొద్దు ఇక్కడ ఒక పిల్లోని అరచేయి వాచాల.

దొరలు కడపను మాత్రం సక్కగా రాసినారా? సి, యు, రెండు డీలు, కొసన ఎవరూ పలకని హెచ్. సర్కారు 2005లో దిద్దింది. భూగర్భ శాస్త్రవేత్తలు, బండల వ్యాపారులు రాళ్ల పేర్లలో ఇప్పటికీ ఆ హెచ్‌ను మోస్తానే ఉన్నారు. ఇంపోజిషన్ ఎవరికియ్యాల?

అదే బడిలో తెలుగు నోటుబుక్కు తెరవండి. శ, ష, స మూడూ ఒకటే, వత్తులు ఎగిరిపోయి ఉంటాయి. సారు నవ్వి వదిలేస్తాడు. ‘‘మావానికి తెలుగు రాయను రాదు’’ అని తండ్రి పెండ్లిలో నలుగురికి వినబడేట్టు చెప్పుకుంటాడు.

2023లో అమెరికా పోటీని గెలిపించిన మాట సామొఫైల్. ఇసుక నేలల్లో బాగా బతికే జీవి అని అర్థం, మొదట్లో పలకని పి ఒకటి. చెయ్యేటి పక్కన పెరిగే పిల్లోనితో దాన్ని బట్టీ పట్టించే సారూ, ఆ ఏటి ఇసుక రాత్రిళ్లు ట్రాక్టర్లెక్కి ఎక్కడికి పోతా ఉందో కలెక్టరుకు ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయించు. ఇసుకకు స్పెల్లింగ్ తప్పినా ఆయనకు అర్థమవుతుందిలే.