నోరు విప్పితే రాయితీ

అమెరికా ఫెడరల్ కోర్టుల్లో నేరానికి ఒక రేటు, ఆ నేరం గురించి నోరు విప్పడానికి ఇంకో రేటు ఉంటాయి. రెండోదాన్ని మొదటిదాంట్లోంచి కోసేస్తారు. ఈ లెక్క రాసుకునే కాగితమే ప్లీ ఒప్పందం. పట్టుబడ్డవాడు నేరం ఒప్పుకుని, తోటివాళ్ల గుట్టు చెబుతానని సంతకం పెడతాడు. ప్రాసిక్యూటర్ కొన్ని అభియోగాలు వదిలేసి, శిక్ష తగ్గించమని జడ్జికి చెబుతానంటాడు.

బేరానికి ముందు సరుకు చూసుకోవాలి కదా. అందుకో సమావేశం ఉంది. లాయర్లు దాన్ని ముద్దుగా ‘క్వీన్ ఫర్ ఎ డే’ అంటారు. ఆ రోజు నిందితుడు చెప్పిన మాటలను మామూలుగా అతని మీదే సాక్ష్యంగా పెట్టరు. ఆ మాటలు పట్టుకుని వెళ్తే దొరికే ఆధారాలను మాత్రం నిక్షేపంగా పెడతారు. రాణీగారి వైభవం అంతవరకే.

ఒప్పందం కుదిరినా శిక్ష ఖరారు చేయరు, సాక్ష్యం అయ్యేదాకా వాయిదా వేస్తారు. ఆ తర్వాత ‘గణనీయమైన సాయం’ చేశాడని ప్రాసిక్యూటర్ అర్జీ పెడితే శిక్ష దిగుతుంది. అర్జీ పెట్టాలా వద్దా అన్నది చాలావరకు ఆయన ఇష్టం. అంటే సాక్షి నిజమే చెప్పాడని మొదట తేల్చేది, ఆ నిజంతో అవసరం ఉన్న మనిషే!

ఇందులో ఏదో తేడా ఉందని 1998 జులైలో పదో సర్క్యూట్ అప్పీలు కోర్టులో ముగ్గురు జడ్జీలకు తోచింది. సాక్ష్యం కోసం విలువైనదేదైనా ఇవ్వజూపితే, ఇవ్వజూపింది ఎవరైనా సరే, నేరమని చట్టంలో ఉంది. ప్రాసిక్యూటరూ ఆ ‘ఎవరైనా’లో ఒకడేనని వాళ్లు తీర్పిచ్చారు. రోజుల్లోనే ఫుల్ బెంచి ఆ తీర్పును పక్కన పెట్టింది. 1999 జనవరిలో, ఆ మాట ప్రభుత్వానికి వర్తించదని తేల్చింది. డబ్బిచ్చి సాక్షిని కొనే నిందితుడు జైలుకు పోతాడు. జైలు ఏళ్లు తగ్గించి కొనే సర్కారు సంప్రదాయాన్ని పాటించినట్టు లెక్క.

నోరు విప్పి రాయితీ పొందే విద్యలో ఆరితేరినవాడు డేవిడ్ హెడ్లీ. 1988లో హెరాయిన్‌తో దొరికి, సహచరులను పట్టించి, వాళ్లకంటే తక్కువ శిక్షతో గట్టెక్కాడు. 1997లో మళ్లీ హెరాయిన్, మళ్లీ సహకారం. తర్వాత పాకిస్తాన్ ఉగ్రవాద సంస్థ లష్కర్-ఎ-తోయిబా కోసం ముంబైలో రెక్కీ చేశాడు. 2008 నవంబరులో అక్కడ జరిగిన ఉగ్రదాడుల్లో 166 మంది చనిపోయారు. 2010 మార్చిలో షికాగోలో 12 అభియోగాలూ ఒప్పుకుని సాటిలేని బేరం కుదుర్చుకున్నాడు: మరణశిక్ష లేదు, భారత్‌కు గానీ పాకిస్తాన్‌కు గానీ డెన్మార్క్‌కు గానీ అప్పగింత లేదు. 2011లో బోనెక్కి, బడినాటి మిత్రుడు తహవ్వుర్ రాణా మీద సాక్ష్యం చెప్పాడు. జ్యూరీ రాణాను లష్కర్‌కు సాయపడ్డందుకు, డెన్మార్క్‌లో ఒక పత్రికపై దాడికి పన్నిన కుట్రకు దోషి అంది, ముంబై అభియోగంలో మాత్రం నిర్దోషి అంది. 2013 జనవరిలో రాణాకు 14 ఏళ్లు, హెడ్లీకి 35 ఏళ్లు పడ్డాయి.

ఏళ్లు చూసి లెక్క సరిపోయిందనుకోకూడదు. ఒప్పందం లేని రాణాను 2025 ఏప్రిల్‌లో భారత్‌కు పంపారు. ఊరంతా తిరిగి వీడియోలు తీసినవాడు అమెరికా జైల్లోనే భద్రంగా ఉన్నాడు. మనవాళ్లూ చిన్నబుచ్చలేదు. 2015 డిసెంబరులో ముంబై కోర్టు హెడ్లీకి షరతులతో క్షమాభిక్ష పెట్టి అప్రూవర్‌ని చేసింది, 2016 ఫిబ్రవరిలో అతను వీడియోలో సాక్ష్యమిచ్చాడు. అప్రూవర్ విషయంలో మన పాత సాక్ష్యాధారాల చట్టం ముందుచూపు మెచ్చుకోదగ్గది. నేరంలో భాగస్వామి మాట ఒక్కదాని మీదే శిక్ష వేసినా తప్పు కాదని 133వ సెక్షన్ అంటుంటే, బలపరిచే ఆధారం లేకపోతే అలాంటివాణ్ని నమ్మదగనివాడుగా భావించవచ్చని 114వ సెక్షన్ ఉదాహరణ అనేది. ఏ తీర్పుకైనా ఒక సెక్షన్ సిద్ధంగా ఉండేది.

ఈ సంతలో చెల్లేది పేర్లే. ముఠా నడిపినవాడి దగ్గర డజన్లకొద్దీ పేర్లుంటాయి. మూట మోసిన కూలీకి తెలిసిన పేరు ఒక్కటే, అది అతనిదే. దాన్ని పోలీసులు ముందే రాసుకుని ఉంటారు. అందుకే ఒక్కోసారి నాయకుడి కంటే కూలీయే ఎక్కువకాలం లోపలుంటాడు.

జ్యూరీ మోసపోకుండా రక్షణ లేదా అంటే ఉంది. సాక్షికిచ్చిన హామీని దాచకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1972లో గిగ్లియో కేసులో చెప్పింది. అది విచారణదాకా వచ్చిన కేసులకు పనికొచ్చే రక్షణ. ఫెడరల్ కోర్టుల్లో శిక్షపడిన కేసుల్లో 97 శాతం నేరం ఒప్పుకోవడంతోనే ముగిసిపోతున్నాయని అదే కోర్టు 2012లో రాసుకుంది.