ముస్తాబు పూర్తయింది, నీళ్లొక్కటే తక్కువ

ఇక మన బడులకు లోటేమీ లేదు. దువ్వెన కూడా వచ్చేసింది.

మన్యం జిల్లా నుంచి బయటికి వెళ్లేవి కొండ చీపుర్లు, చింతపండు, సీతంపేట అనాసపండ్లు, హైదరాబాదు బస్సెక్కే కూలీలు మాత్రమేనని ఇన్నాళ్లూ అనుకున్నాం. ఇప్పుడు బడిపిల్లల శుభ్రత కోసం ముస్తాబు అనే పథకాన్నే ఎగుమతి చేశాం. 2025 డిసెంబరు 5న భామినిలో ముఖ్యమంత్రి మెచ్చుకోలు, పదిహేను రోజులు తిరిగేసరికి అనకాపల్లి జిల్లా తాళ్లపాలెంలో ప్రారంభోత్సవం, ఆ వెంటనే రాష్ట్రమంతటా ముస్తాబు. అద్దం, దువ్వెన, సబ్బు, గోళ్లు తీసే కత్తెర. ఉత్తరాంధ్ర వాడిగా గర్వపడాలన్నారు. పడుతున్నాను.

పిల్లలు శుభ్రంగా ఉండాలనడం తప్పా అని అడగదలచినవాళ్లు ఇక్కడే పేజీ తిప్పేయండి. తప్పని నేననలేదు. మా అమ్మ కూడా తల దువ్వకుండా నన్ను బడికి పంపలేదు. అయితే దువ్వెన కంటే ముందు బిందెడు నీళ్లు పెట్టేది.

నాకు తెలిసిన బడి ఒకటుంది. ఊరి పేరు చెప్పను, చెబితే అక్కడి హెచ్చెమ్ గారికి నోటీసు వస్తుంది. అద్దం ఎక్కడ తగిలించాలన్న విషయం మీద ఆ బడి కమిటీ సమావేశమైంది. సమావేశమంటే మామూలుగా ఆ ఊళ్లో మినిట్స్ పుస్తకం ఇంటింటికీ తిరిగి సంతకాలు తెచ్చుకుంటుంది. ఈసారి మాత్రం మనుషులే వచ్చారు. వచ్చింది అద్దం కదా మరి.

కుళాయి దగ్గర పెడదామన్నారు హెచ్చెమ్. కుళాయిలో నీళ్లు రావడం లేదు, అటువైపు పిల్లలెవరూ వెళ్లరు, పెట్టి ఏం లాభమని ఒకరన్నారు. వరండాలో పెడితే ఎండపొడ పడి పిల్లల కళ్లలో కొడుతుందని ఇంకొకరు. ఆఫీసు గదిలో పెడితే మాస్టార్లే చూసుకుంటారని మరొకరు. ఇంతలో ఒక పెద్దమనిషి, అద్దం తానే కొనిస్తానని, కాకపోతే దాని మీద తన తండ్రి పేరు రాయించాలని అన్నాడు. మన గుళ్లలో ట్యూబులైటు నిండా దాత పేరు రాసి వెలుతురు రాకుండా చేసినట్టే, ఆ అద్దంలోనూ పిల్లాడి ముక్కు ఉండాల్సిన చోట దివంగతుల పేరు వచ్చేలా ఉంది. వెంటనే రెండో వర్గం లేచింది. ఆయన పేరు ఉంటే మా నాన్న పేరూ ఉండాలంది. రెండు అద్దాలు పెట్టుకోవచ్చని సర్పంచి గారి తీర్పు. దాని మీద గంటసేపు వాదన జరిగింది. అద్దాల సైజుల్లో తేడా ఉండకూడదనేది తుది తీర్మానం.

వెనక వరసలో కూర్చున్న ఒక తల్లి అప్పటికి నోరు విప్పింది. "అద్దం ఒగ్గీసి ముందు మోటారు సూడండి మాస్టారూ. గుంటలు ఏ నీళ్లతోటి మూతి కడుగుతారు?" హెచ్చెమ్ గారు మంచి మనిషి, అబద్ధం ఆడలేదు. "ఏం చెయ్యమంటావమ్మా, అద్దానికి ఫోటో పెట్టమన్నారు. మోటారుకు ఎవరూ ఫోటో అడగలేదు."

నేను ఇంతవరకు చదివిన ఏ విద్యావిధాన పత్రమూ అసలు సంగతిని ఇంత సూటిగా చెప్పలేదు. మన బడుల్లో డబ్బు ఎటు పోతుందో తెలుసుకోవడానికి బడ్జెట్ పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు, ఫోనులోని గ్యాలరీ చూస్తే చాలు. ఫోటో పడేదానికి డబ్బుంది. ఫోటో పడనిదానికి వచ్చే ఏడాది చూద్దాం. కాలిపోయిన బోరు మోటారు ఫోటోలో బాగుండదు. బాగు చేసిన మోటారు కూడా బాగుండదు, రెండూ ఒకేలా ఉంటాయి. నిండిన సెప్టిక్ ట్యాంకును ఎత్తించారని చూపించే సెల్ఫీ ఎలా దిగుతారు? ఆర్వో ప్లాంటులో ఫిల్టరు మార్చారనడానికి సాక్ష్యమేముంది, నీళ్లు తాగిన పిల్లలకు జబ్బు చెయ్యకపోవడం తప్ప? జబ్బు చెయ్యకపోవడాన్ని ఎవరు ఫోటో తీయగలరు?

గత ప్రభుత్వంలో మాస్టార్లు రోజూ మరుగుదొడ్లను ఫోటో తీసి యాప్‌లో ఎక్కించేవారు. పీజీలు, బీఈడీలు చదివినవాళ్లు పొద్దున్నే ఫోను పట్టుకుని దొడ్డి తలుపు ముందు సిగ్నలు కోసం చెయ్యెత్తి నిలబడిన దృశ్యం మన విద్యా చరిత్రలో నిలిచిపోతుంది. ఈ ప్రభుత్వం వచ్చి, పాపం మాస్టార్లకు ఆ అవమానం వద్దని తీసేసింది. ఇప్పుడు తల్లిదండ్రులను ఫోటో తీస్తున్నారు. ముగ్గులేసిన అమ్మలను, తాడు లాగిన నాన్నలను, అమ్మ పేరుతో నాటిన మొక్కను. 2025 జూలైలో జరిగిన తల్లిదండ్రుల సమావేశం గిన్నిస్ బుక్కు కోసమన్నారు, రెండు కోట్ల మందికి పైగా అన్నారు. పిల్లాడి లెక్కల మార్కులు అడగడానికి వెళ్లిన తండ్రి ప్రపంచ రికార్డులో భాగమై ఇంటికొచ్చాడు. మార్కుల సంగతి అడగడం మరిచిపోయాడు. యాప్ మారింది, ఫోటోలోని వస్తువు మారింది, చెయ్యెత్తి సిగ్నలు వెతికే మాస్టారు మాత్రం ఆయనే.

పేర్ల మార్పు గురించి నేనేం రాయను. 2024 జూలైలో ఒక్క పూటలో అమ్మ ఒడి పోయి తల్లికి వందనం వచ్చింది, నాడు-నేడు పోయి మన బడి-మన భవిష్యత్తు వచ్చింది. నిన్నను, నేటిని వదిలేసి ఏకంగా భవిష్యత్తులోకి దూకాం. రెండో విడతలో మొదలై స్లాబు పడకుండా ఆగిన గదులు మాత్రం ఇంకా నాడులోనే ఉన్నాయి.

గత పాలక పార్టీకి, ఇప్పటి పాలక పార్టీకి ఏ విషయంలోనూ పొసగదని ఎవరన్నారు? 2022 జూన్ 27న శ్రీకాకుళం కోడి రామమూర్తి స్టేడియంలో అమ్మ ఒడి బటన్ నొక్కినప్పుడు పదిహేను వేలంటే తల్లి ఖాతాలో పడింది పదమూడు వేలు. 2025 జూన్‌లో తల్లికి వందనం పేరుతో మళ్లీ పదిహేను వేలంటే పడింది పదమూడు వేలే. తగ్గిన రెండు వేలు అప్పుడూ బడి, మరుగుదొడ్ల నిర్వహణకే, ఇప్పుడూ బడి, మరుగుదొడ్ల నిర్వహణకే. ఇంతటి ఏకాభిప్రాయం మన శాసనసభలో వేరే ఏ అంశం మీదా నేను చూడలేదు. అయితే ఒక్క ప్రశ్న. మరుగుదొడ్లు కడగడానికి తల్లి తన వాటాలోంచి ఇస్తూనే ఉంది కదా, వాటిని కడిగే ఆయమ్మకు నెలకు ఆరు వేలేమిటి? ఆ ఆరు వేలైనా నెలనెలా ఎందుకు రావు? అన్నం వండే ఆమెకు మూడు వేలు. 2019లో వెయ్యి నుంచి పెంచారు, ఆ తర్వాత బియ్యం, పప్పు, గ్యాసు అన్నీ పెరిగాయి, ఆమె కూలి తప్ప.

పెద్ద పెద్ద సభలకు మన ప్రాంతమంటే ఎందుకో మహా ఇష్టం. శ్రీకాకుళం చెప్పాను కదా. మరుసటి ఏడాది, 2023 జూన్ 28న, అదే పథకానికి కురుపాంలో సభ. 2025 డిసెంబరులో భామిని. ఒక ముఖ్యమంత్రి తర్వాత ఇంకో ముఖ్యమంత్రి ఇంత దూరం వచ్చి, గిరిజన పిల్లల పక్కన కూర్చుని వెళ్తున్నారు. పిల్లలు కూడా పాపం శుభ్రంగా ముస్తాబై కూర్చుంటున్నారు. సభ కోసం రోడ్డు వేస్తారు, హెలిప్యాడ్ వేస్తారు, ట్యాంకర్లతో నీళ్లు తెస్తారు. ఆ ఒక్కరోజు నీళ్లు ఉంటాయి.

కురుపాం. ఈ పేరు దగ్గర నాకు వ్యంగ్యం రావడం లేదు.

2025 అక్టోబరు మొదట్లో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు పాకాయి. వందమందికి పైగా ఆడపిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. కొందరిని విశాఖ కేజీహెచ్‌కు తీసుకెళ్లారు. ఇద్దరు చనిపోయారు. అందరి అనుమానమూ ముందు తాగే నీటి మీదికే పోయింది. అనుమానం రావడానికి పెద్ద పరిశోధన ఏమీ అక్కర్లేదు, మన హాస్టళ్లలో ఒక్క పూట ఉన్నవాళ్లెవరికైనా ఆ అనుమానం వస్తుంది. పరామర్శలు జరిగాయి, ఆ పక్షం ఈ పక్షాన్ని తిట్టింది, ఈ పక్షం ఆ పక్షాన్ని తిట్టింది. రెండు నెలలకు అదే జిల్లాలోని భామినిలో షామియానాలు వేశారు, మైకులు పెట్టారు, పిల్లల పరిశుభ్రత మీద ఉపన్యాసాలు విన్నాం. చేతులు కడుక్కోండి పిల్లలూ అన్నారు. కడుక్కునే నీళ్ల సంగతి, తాగే నీళ్ల సంగతి ఎవరికి చెప్పాలి? ఆ ఆడపిల్లలు శుభ్రంగా లేక చనిపోయారా? తల దువ్వుకోక చనిపోయారా? తప్పు పిల్లల గోళ్లలో వెతుకుతున్నారేమిటి? కళ్లు పచ్చబడ్డాయో లేదో చూసుకోవడానికి అద్దం పనికొస్తుంది, అంతవరకు ఒప్పుకుంటాను.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అయితే నీళ్ల మాట ఎత్తితే చాలు, వెంట కిడ్నీ జబ్బు మాట వస్తుంది. అక్కడి తల్లికి ఎవరూ అవగాహన కల్పించక్కర్లేదు. నీటి సీసా ఇంటి దగ్గరే నింపి పంపుతుంది. ఆ సీసాను మోసే పిల్లాడి సంచి బరువు గురించి మనం సెమినార్లు పెడతాం.

సర్కారును తిట్టడం తేలిక, అందుకే ముందు ఆ పని కానిచ్చాను. ఇప్పుడు మన సంగతి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడికి ఏమేం కావాలో ప్రణాళిక రాయాల్సింది వాళ్లే. ముఖ్యమంత్రి కాదు, కలెక్టరు కాదు, వాళ్లు. మీ ఊరి బడి అభివృద్ధి ప్రణాళికను మీలో ఎవరైనా కంటితో చూశారా? నేను అడిగిన ప్రతి చోటా బీరువా తాళం ఎవరి దగ్గరో ఉంది. 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష కింద ఏడాదికి వచ్చే గ్రాంటు 25,000 రూపాయలు. రోజుకు 68 రూపాయలు. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, చీపుర్లు, రిపేర్లు అన్నీ అందులోనే. ఆ 68 రూపాయల్లోంచి ముందుగా కొనేది ఏమిటంటారు? పండగ పూట ఫ్లెక్సీ.

ఇక పూర్వ విద్యార్థులు. పాతికేళ్ల తర్వాత బ్యాచ్ అంతా కలుస్తుంది, శాలువాలు కప్పుకుంటుంది, పాత మాస్టారు ఏడుస్తారు, చివరికి బడికి ఒక ముఖద్వారం కట్టిస్తుంది. ఈ మధ్య మన ప్రాంతంలో రోడ్డు మీద వెళ్తుంటే ఎటు చూసినా ఆర్చీలే. గేటు ఆకాశమంత, గోడ మాత్రం రెండు వైపులా లేదు. పశువులు గేటులోంచి రావాల్సిన అవసరమే లేదు. ప్రహరీ కట్టించండి బాబూ అంటే, గోడ మీద పేరు ఎక్కడ రాస్తామండీ అంటారు. ఆర్చీ కట్టించినవాళ్లలో తమ పిల్లలను ఆ ఆర్చీ కిందుగా లోపలికి పంపినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. వాళ్ల పిల్లలు పొద్దున్న ఏడింటికే పచ్చ బస్సెక్కి టౌనులో కాన్వెంటుకు పోతారు. సర్కారు బడికి ఏం కావాలో గట్టిగా వాదించేది వాళ్లు. మోటారు గురించి అడిగే ఆ వెనక వరస తల్లి పొద్దున్నే జీడిపిక్కలు వలవడానికి పోవాలి, వాదనకు ఆమెకు తీరికేది?

భామినికి దగ్గర్లోనే, ఒడిశా సరిహద్దు దాటితే పర్లాకిమిడి. అక్కడ హైస్కూల్లో పనిచేసిన గిడుగు రామమూర్తి సవర పిల్లల కోసం సొంత డబ్బుతో బడులు పెట్టి, సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే పుస్తకాలు రాశాడు. ఏటా ఆగస్టు 29న మనం ఆయన బొమ్మకు దండ వేసి ఫోటో దిగుతాం. ఆయన ఆ బడుల ముందు ఏ ఆర్చీ కట్టించినట్టు నేనెక్కడా చదవలేదు.

కొత్త మాస్టార్లు వచ్చారు, 16,347 పోస్టుల డీఎస్సీ ఎట్టకేలకు పూర్తయింది, సంతోషం. వాళ్లనైనా పాఠం చెప్పనివ్వండి. ఫోటోలు కావాలంటే మండలానికొక ఫోటోగ్రాఫరును పెట్టుకోండి, ఆ ఉద్యోగం కోసం ఎదురుచూసే కుర్రాళ్లు రాజాంలో, బొబ్బిలిలో బోలెడుమంది ఉన్నారు.

తల్లులారా, తండ్రులారా, ఈసారి బడి నుంచి పిలుపు వస్తే తప్పకుండా వెళ్లండి. వెళ్లేముందు ఊళ్లో మెకానిక్‌ను పిలిచి మోటారు వైండింగుకు ఎంతవుతుందో కనుక్కోండి. నీళ్లు చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించారో, ఆ కాగితం ఎక్కడుందో అడగండి. మీ ఖాతాలోంచి తగ్గిన రెండు వేలు మీ బడికి ఎంత తిరిగొచ్చిందో లెక్క చూపించమనండి. ముగ్గు వెయ్యమంటే వెయ్యండి, తాడు లాగమంటే లాగండి. బడి ప్రణాళిక మీ చేతికిచ్చి, అందరిముందూ చదివి వినిపించేదాకా మినిట్స్ పుస్తకంలో మాత్రం సంతకం పెట్టకండి.