మామ్మగారికి నూట పదకొండు

శనివారం పొద్దున్నే పోస్టుమ్యాన్ తలుపు కొట్టి సంతకం అడిగితే మా ఆవిడ ఎదురెళ్లింది, ఆవకాయ పార్సెలేమోనని. తీరా చూస్తే ఓనరుగారి నోటీసు. జెర్సీ సిటీలో మేం అద్దెకున్న బిల్డింగ్‌ని కాండోలు చేసి, ఏ ఫ్లాటుకా ఫ్లాటు అమ్మేస్తారట.

"ఎన్నాళ్లిచ్చారు?"

"మూడేళ్లు."

నమ్మలేదు. నమ్మదు మరి. హైదరాబాద్‌లో మా పాత ఓనరుగారు ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేసి, ఓ ఆదివారం మా ఇంటికే వచ్చి కాఫీ తాగి, "ఫస్టుకల్లా ఖాళీ చేసేయమ్మా" అన్నారు. నెలవారీ అద్దెకు 1882 నాటి చట్టం 15 రోజులే ఇవ్వమంది, నేను 19 ఇచ్చానని ఇప్పటికీ చెప్పుకుంటారట.

న్యూజెర్సీ పద్ధతి వేరు. మొదటి 90 రోజులు ఫ్లాటు కొనే హక్కు మాదే. మేం వద్దని రాసిస్తే తప్ప ఇంకొకళ్లకి చూపించడానికి కూడా లేదు. హక్కు ఉచితం, డౌన్‌పేమెంటే మనం తెచ్చుకోవాలి. కొనలేకపోతే 18 నెలల్లోపు అడిగితే ఇలాంటి అద్దె ఇల్లే ఓనరు వెతికిపెట్టాలి. లేదంటే కోర్టు గడువు పొడిగించొచ్చు.

మురిసిపోయి పాస్‌పోర్టు తీసి చూసుకున్నాను. నా హెచ్-1బి అంతకన్నా ముందే అయిపోతోంది. నన్ను ఇంట్లోంచి పంపాలంటే ఓనరు మూడేళ్లు ఆగాలి. దేశంలోంచి పంపడానికి మా ఆఫీసువాళ్ల మెయిలొకటి, ఆపైన 60 రోజులు చాలు.

పై అంతస్తు మామ్మగారిది మాత్రం రాజయోగం. 1981 చట్టం ప్రకారం 62 నిండినవాళ్లని, ఆదాయం హద్దులో ఉండి అర్జీ పెట్టుకుంటే, 40 ఏళ్ల దాకా కదిలించడానికి లేదు. ఆవిడకి 71. కూడితే 111. ఈ కాండోల పని చేపట్టిన బిల్డరు మెట్ల మీద ఎదురుపడినప్పుడల్లా ఆవిడ బీపీ ఎంతుందో అడుగుతున్నాడు. కన్నకొడుకు కూడా అంత శ్రద్ధగా అడగడు.

నిన్న మేనేజరు లడ్డూల డబ్బా, ఓ కాగితం పట్టుకుని మా తెలుగువాళ్ల ఇళ్లన్నీ తిరిగాడు. నెలాఖరుకి వెళ్లిపోతే రెండు నెలల అద్దె చేతిలో పెడతాడట. ఎదురింటివాళ్లు లడ్డూ నోట్లో ఉండగానే సంతకం పెట్టేశారు. చదివారా అంటే, "స్వీట్లు తెచ్చిన మనిషి ముందు కాగితం చదువుతూ కూర్చుంటే ఏం బావుంటుందండీ" అన్నారు.

మేం ఇంకా పెట్టలేదు. మామ్మగారింట్లో రెండో బెడ్‌రూమ్ ఖాళీయేనేమో కనుక్కోమంటోంది మా ఆవిడ.