ఎర్రబడ్డ చుక్క తీర్పు

ఏలూరులో ఫోన్ల సర్వీస్ సెంటర్ కౌంటరు వెనక కూర్చునే కుర్రాడి ఉద్యోగం పేరు టెక్నీషియన్. డిప్లొమా చదివాడు, బోర్డు మీద వెంట్రుకంత తీగకైనా టంకం పెట్టగలడు. ఆ విద్యతో ఇక్కడ పనిలేదు. వారంటీ ఉన్న ఫోను తెస్తే సిమ్ ట్రే లాగి, కన్నంలోకి టార్చి కొట్టి చూస్తాడు. తడి తగిలితే రంగు మారే లోపలి కాగితం చుక్క తెల్లగా ఉంటే ఫోను నిర్దోషి. ఎర్రబడిందా, ముద్దాయి. "లిక్విడ్ డ్యామేజ్ అండీ, వారంటీ రాదు."

నీళ్లలో పడలేదు బాబూ, ఛార్జింగే ఎక్కట్లేదు అంటే వినడు. వినే అధికారం అతనికి ఇవ్వలేదు. కాదనడానికే జీతం.

ఇంతకీ మనం ఉంటున్నదెక్కడ? ఇటు తమ్మిలేరు, అటు 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేరు. కైకలూరు, ఆకివీడు చెరువుల్లో రాత్రంతా ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతుంటే, రొయ్యల రైతు గట్టు మీద నిలబడి ఆ తుంపర్లలోనే రేటెంతో చూసుకోవాలి, కరెంటు పోతే ఎవరికో ఫోన్ చేయాలి. శ్రావణంలో బీరువాలో బట్టలే చెమ్మగిలుతాయి. కాగితం చుక్క ఏ దీక్ష పట్టిందని పొడిగా ఉండాలి? కంపెనీలకు నిజాయితీ ఉంటే డబ్బా మీదే అచ్చువేయాలి: "భీమడోలు పరిసరాల్లో ఈ వారంటీ చెల్లదు" అని.

ఇది కొల్లేటి లంక గ్రామాల గోల మాత్రమే కాదు. ఈ చుక్కల గురించే అమెరికాలో ఆపిల్ మీద దావా పడింది. గాలిలో తేమకూ రంగు మారొచ్చని ఆ చుక్కల టేపు తయారుచేసిన త్రీఎం కంపెనీయే చెప్పింది. 2013లో ఆపిల్ 5.3 కోట్ల డాలర్లకు రాజీపడింది.

అసలు తమాషా ప్రకటనల్లో ఉంది. అక్కడ ఫోను ఈతకొలనులో మునిగి, నవ్వుతూ పైకి తేలుతుంది. నీటిని తట్టుకునే ఐపీ68 రేటింగు అట! ఆ పరీక్ష జరిగేది ప్రయోగశాలలో, కదలని మంచినీటిలో. ఉప్పుటేరు నీళ్లు వాళ్లెప్పుడూ చూడలేదు. వారంటీ కాగితం అడుగున మాత్రం చీమతలంత అక్షరాల్లో, నీటితో చెడితే మాకు సంబంధం లేదని ఉంటుంది. ఈ రెండు నాలుకల ధోరణికి 2020లో ఇటలీ ఆపిల్‌కు కోటి యూరోల జరిమానా వేసింది. కొలనులో, సముద్రంలో ముంచినా ఏమీ కాదన్నట్టు చూపినందుకు 2022లో ఆస్ట్రేలియా కోర్టు శాంసంగ్‌కు 1.4 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు వడ్డించింది. మన దగ్గర ఇంకా చుక్కదే రాజ్యం.

తాడేపల్లిగూడెంలోనైనా, ఏలూరులోనైనా ఈసారి చుక్క చూపిస్తే ఊరుకోకండి. ఫోను విప్పించి, తుప్పు ఎక్కడ పట్టిందో ఫొటో తీసి, జాబ్ షీట్ మీద రాసిమ్మనండి. ఆ కుర్రాడికీ చదివిన చదువు వాడుకునే అవకాశం వస్తుంది. రాసివ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, పక్కింటివాళ్ల ఫోనుతో. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు కాపురముండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొన్న వస్తువుకు ఫిర్యాదు ఫీజు లేదు.