గ్రాముల లెక్కన కొండ

అమెరికాలో కొండెక్కడానికి కాళ్ళు అక్కర్లేదని ఈమధ్య తేలిపోయింది. ఎక్సెల్ షీటు ఉంటే చాలు.

అట్లాంటాలోనో షార్లెట్‌లోనో ఉండే మనవాళ్ళకు గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు కారులో మూడు నాలుగు గంటల దూరం. జార్జియా నుంచి మెయిన్ దాకా దాదాపు 2,200 మైళ్ళు సాగే అపలాచియన్ ట్రెయిల్, ఈ పార్కులో టెనెసీ, నార్త్ కరోలినా సరిహద్దు శిఖరాల మీదుగా 70 మైళ్ళకు పైగా పోతుంది. దారంతా ఒక్క ఊపులో నడవాలంటే ఐదారు నెలల సెలవు కావాలి. హెచ్1బి మీద ఉన్నవాడికి ఐదారు రోజులే గగనం. అందుకే ముక్కలు ముక్కలుగా నడుస్తారు. దాన్నే సెక్షన్ హైక్ అంటారు. బంగారంలాంటి ఆలోచన. నా తగువు నడకతో కాదు, నడక పేరిట జరిగే సన్నాహంతో.

సన్నాహం వాట్సాప్ గ్రూపుతో మొదలవుతుంది. గ్రూపుకో పేరు, పేరు మీద వారం రోజుల చర్చ, ఆపైన మోసే సంచి బరువు తగ్గించే షీటు. అందులో మామూలు చెంచా ఎన్ని గ్రాములో, టైటానియం చెంచా ఎన్ని గ్రాములో ఉంటుంది. టూత్‌బ్రష్ పిడి సగానికి కోస్తే కలిసొచ్చే బరువుకూ ఒక గడి ఉంటుంది. లీటరు నీళ్ళు కిలో బరువన్న సంగతికి మాత్రం గడి ఉండదు. తేలిక నీళ్ళు ఇంకా ఏ కంపెనీ అమ్మడం లేదు మరి.

ఇక గుడారం. డైనీమా గుడ్డతో చేసినదట, చేతిలోకి తీసుకుంటే ఉందో లేదో తెలియదట. బ్యాంకు ఖాతాలో మాత్రం బాగా తెలుస్తుంది, ఆరేడు వందల డాలర్లు. దాన్ని ఇంటి వెనక గడ్డిలో వేసి ఫొటో పెడితే గ్రూపులో చప్పట్లే చప్పట్లు. తమాషా ఏమిటంటే, స్మోకీస్‌లో ఈ ట్రెయిల్ మీద సెక్షన్ హైకర్లు ముందే బుక్ చేసుకున్న షెల్టర్‌లోనే పడుకోవాలి. మూడు గోడలు, ఒక కప్పు, చెక్క అరుగుల మీద డజను మంది, రాత్రంతా ఎలుకల సంచారం. షెల్టర్ నిండితే పక్కన గుడారం వేసుకునే వెసులుబాటు త్రూ హైకర్లది. అంటే పార్కుకు కనీసం 50 మైళ్ళ అవతల మొదలుపెట్టి, మళ్ళీ 50 మైళ్ళ అవతల ముగించేవాళ్ళది. శనివారం పొద్దున కారు పార్కింగులో పెట్టి వచ్చినవాళ్ళది కాదు.

ఆ షెల్టర్‌లో చోటు 30 రోజుల ముందు నుంచే బుక్ చేసుకోవచ్చు. మనిషికి రాత్రికి 8 డాలర్లు. నాలుగు నెలలు చెంచాలు తూచినవాళ్ళు ఈ ఒక్క తేదీని మరిచిపోతారు. గుర్తొచ్చేసరికి చోటుండదు. అప్పుడు గ్రూపులో “ఈ సీజన్ వద్దులే, ఫాల్‌కి చూద్దాం” అన్న తీర్మానం ఏకగ్రీవం.

భోజనం దగ్గర వీళ్ళ విజ్ఞానం ఇంకా ముదురుతుంది. వేడినీళ్ళు పోస్తే పులావు అయ్యే ప్యాకెట్టు పది పన్నెండు డాలర్లు. అయ్యా, చల్లనీళ్ళు పోసినా మెత్తబడే అటుకులు మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నాయి. స్టవ్వు కూడా అక్కర్లేదు. ఆవకాయ సీసా తెస్తానంటారా, తెండి. కాకపోతే రాత్రి దాన్ని కూడా సంచిలో కట్టి, ప్రతి షెల్టర్ దగ్గరా ఉండే ఇనుప తీగలకు వేలాడదీయాలి. టూత్‌పేస్టుతో సహా వాసన వచ్చేదేదైనా అంతే. ఆ పార్కులో నల్ల ఎలుగుబంట్లు పంతొమ్మిది వందల దాకా ఉంటాయని అంచనా. మన ఊరగాయ మీద వాటికి పట్టింపులేమీ లేవు.

రోజుకు 15 మైళ్ళని షీటు చెబుతుంది. షీటుకు మోకాళ్ళు లేవు. దక్షిణం నుంచి వచ్చేవాళ్ళు ఫోంటానా ఆనకట్ట దాటగానే మొదటి నాలుగు మైళ్ళలోనే దాదాపు 2,000 అడుగులు ఎక్కాలి. 2024 దాకా క్లింగ్‌మన్స్ డోమ్‌గా ఉండి, తిరిగి చెరొకీల పేరు దక్కించుకున్న కువోహి 6,643 అడుగులు. మొత్తం ట్రెయిల్‌లో అంతకు మించిన ఎత్తు లేదు. ట్రెడ్‌మిల్లు మీద చదునుగా ఐదు మైళ్ళు పరిగెత్తినవాడికి ఈ ఎక్కుడు అర్థం కాదు. తిరుమల మెట్టుమెట్టుకూ పసుపూ కుంకుమా పెడుతూ ఎక్కే ముసలమ్మకు చెప్పక్కర్లేకుండానే అర్థమవుతుంది. ఆవిడకు బేస్ వెయిట్ అంటే, తిండీ నీళ్ళూ కాక సంచి బరువెంతో చెప్పే ఆ లెక్క, తెలియదు. వంగి లేవడం తెలుసు.

“ఇదంతా సేఫ్టీ కోసమండీ” అంటారు. సరే, సేఫ్టీ గురించే మాట్లాడుకుందాం. ఆ శిఖరాల మీద ఏటా 85 అంగుళాల దాకా వాన పడుతుంది. కింద లోయకన్నా పైన 10 నుంచి 20 డిగ్రీల ఫారెన్‌హీట్ చలి ఎక్కువ. అక్కడ ప్రమాదం తడిసి చలికి బిగుసుకుపోవడం. ఇన్ని వేలు పోసినవాడు ఒంటిమీద వేసుకొచ్చేది మాత్రం తెలుగు సంఘం సభల్లో ఉచితంగా పంచిన కాటన్ టీషర్టు! తడిస్తే ఆరని ఆ గుడ్డ మార్చమని షీటు చెప్పదు. ఊట నీళ్ళను కాచో శుద్ధి చేసో తాగమనీ చెప్పదు.

ఎమ్మా గేట్‌వుడ్ అనే ఒహాయో రైతు ఇల్లాలు, పదకొండు మంది పిల్లల తల్లి, 1955లో 67 ఏళ్ళ వయసులో ఈ ట్రెయిల్ మొత్తం ఒంటరిగా నడిచింది. చేత్తో కుట్టుకున్న సంచి, కాన్వాసు బూట్లు, వానకు స్నానాలగది ప్లాస్టిక్ తెర. 1957లో మళ్ళీ నడిచింది. మూడోసారి ముక్కలుగా నడుస్తూ 1964లో పూర్తి చేసింది. అంటే మన సెక్షన్ హైకర్లకు ఆవిడ నిఖార్సైన పూర్వీకురాలు. ఆవిడలా తెర కప్పుకుని వెళ్ళమని నేననను. ఆవిడ ఒళ్ళు పొలం పనిలో కాచిన ఒళ్ళు, మనది కుర్చీలో కాచిన ఒళ్ళు. కానీ కుర్చీలో కాచిన ఒంటికి మందు మెట్లెక్కడం, కొత్త గుడారం కాదు.

కాబట్టి, మొదటిసారి వెళ్ళేవారికి నా మాట ఇది. 70 మైళ్ళూ పక్కన పెట్టండి. న్యూఫౌండ్ గ్యాప్ దాకా కారులో వెళ్ళండి. అక్కడి నుంచి ఐస్‌వాటర్ స్ప్రింగ్ షెల్టర్ మూడు మైళ్ళు. ముందే చోటు బుక్ చేసుకుని, వాన కోటు, ఆరిన బట్టలు, దుప్పటి సంచి, అటుకులు పెట్టుకుని నడవండి. ఒక రాత్రి ఎలుకల మధ్య పడుకుని తిరిగి రండి. మోకాళ్ళు ఏమంటాయో విన్నాక, షీటు ఎన్ని గ్రాములదైనా రాసుకోండి.