‘మావాడు ఒకటే గోక్కుంటున్నాడండి’: టీకా తాత్పర్య సహితం

మూలం: “డాక్టరుగారూ, మావాడు ఒకటే గోక్కుంటున్నాడండి. తిండి కూడా ఏం మార్చలేదు. ఒక ఇంజక్షనిచ్చేయండి.”

పశువైద్యుడి గది గుమ్మంలో వినిపించే ఈ గద్యానికి కర్త ఎవరో తెలియదు. కుక్కను పెంచే ప్రతి ఇంట్లోనూ ఇది ఎవరూ నేర్పకుండానే పుడుతుంది. మొదటి వాక్యం రోగం, రెండోది సాక్ష్యం, మూడోది చికిత్స. మూడూ యజమానే తేల్చేశాడు కనుక వైద్యుడికి సిరంజి పట్టుకునే పని తప్ప వేరే పని లేదని ధ్వని.

మావాడు: కుక్క వ్యాకరణం ప్రకారం అమహద్వాచకం, ‘అది’ అనాలి. నాలుగు నెలలు ఇంట్లో పెరిగి మంచమెక్కాక మహద్వాచకమైపోతుంది. ఈ ఒక్క పదంలో జాతి, వయసు, పడక, మూడూ ఇమిడి ఉన్నాయి, విప్పి అడగాలి. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ అయితే పుట్టుకతో వచ్చే అలర్జీ తత్వం, అంటే అటోపిక్ డెర్మటైటిస్, మీదికి అనుమానం పోతుంది. నాటుకుక్కకు రాదని కాదు, తక్కువగా అనుమానిస్తారంతే. ఇది సాధారణంగా ఆరు నెలలకూ మూడేళ్లకూ మధ్య బయటపడుతుంది. ఎనిమిదేళ్లు హాయిగా బతికి అప్పుడే గోక్కోవడం మొదలుపెట్టిన కుక్కలో ముందు వేరే కారణాలు వెతకాలి. ‘మా’ అన్న విశేషణం కూడా ఊరికే పడలేదు. ఈ రోగాన్ని గుర్తుపట్టడానికి క్లాడ్ ఫావ్రో బృందం 2010లో ప్రకటించిన ఎనిమిది లక్షణాల్లో, కుక్క ఎక్కువగా ఇంట్లోనే ఉండటం ఒకటి. పరుపుల్లో, సోఫాల్లో ఉండే దుమ్ముపురుగులు ముఖ్యమైన అలర్జీ కారకాలు. అవి వెచ్చదనాన్నీ తేమనూ కోరుకుంటాయి కనుక కోస్తా ఉక్కపోత వాటికి పుట్టినిల్లు.

ఒకటే: సంఖ్యావాచకం కాదు, ‘ఎడతెగకుండా’ అని అర్థం. అతిశయోక్తి అలంకారం కావచ్చు, కాకపోవచ్చు. అందుకే పశువైద్యులు సున్నా నుంచి పది దాకా కొలత పెట్టి అడుగుతారు. ఆట మధ్యలో ఆగి గోక్కుంటే ఒక మెట్టు. తింటున్న గిన్నె వదిలేసి గోక్కుంటే, నిద్రలోంచి లేచి గోక్కుంటే పై మెట్లు. ఏడాది పొడుగునా ఉందా, ఒక కాలంలోనేనా అన్నది కూడా ఈ పదం దగ్గరే తేల్చుకోవాలి.

గోక్కుంటున్నాడు: గోకు ధాతువుకు ఆత్మార్థకమైన ‘కొను’ చేరింది. తెలుగులో దురదకు జిల, తీట, నవ అని ఎన్ని మాటలున్నా, కుక్క దురద చూపే పనులన్నీ ఈ ఒక్క క్రియలో పట్టవు. నాకడం, ముందుపళ్లతో చర్మాన్ని నమలడం, ముఖాన్ని సోఫా అంచుకు రాయడం, చెవులు టపటపా విదల్చడం, పిర్రలు నేలకేసి ఈడ్చడం, అన్నీ దురద పర్యాయపదాలు కావచ్చు. వీటిలో ‘నాకడం’ యజమానుల చేత తరచూ తప్పుగా అన్వయింపబడుతుంది: శుభ్రం చేసుకుంటున్నాడని మురిసిపోతారు. తెల్లజుట్టు కుక్క ముందరి పాదాన్ని వెలుతురులో పట్టుకుని వేళ్ల మధ్య చూస్తే జుట్టు తుప్పురంగుకు తిరిగి ఉంటుంది. అది మట్టి కాదు. ఉమ్మిలోని పోర్ఫిరిన్లు పట్టించిన రంగు. నెలల తరబడి నాకినందుకు మిగిలిన గుర్తు.

మూలంలో లేనిది రాయకూడదన్నది సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి పెట్టుకున్న నియమం. ఇక్కడ ఆ నియమం తప్పక తప్పదు, ఎందుకంటే అసలు సంగతి మూలంలో లేని పదంలో ఉంది: ‘ఎక్కడ’. అధ్యాహారం చేసుకోవలసిన ఈ సప్తమీ విభక్తే సగం రోగనిర్ణయం. నడుము వెనక భాగం, తోక మొదలు, తొడల వెనక అయితే ఫ్లీ అనే గెంతే పురుగు కాటు. చెవి అంచులు, మోచేతులు, వెనకకాళ్ల మడమలు అయితే గజ్జి. ముఖం, చెవి లోపల, చంకలు, పొట్ట కింద, ముందరి పాదాలు అయితే అటోపీ గాని తిండి అలర్జీ గాని. ఈ రెండింటికీ చూపుతో తేడా చెప్పడం ఎవరి తరమూ కాదు. ఫావ్రో ఎనిమిదింటిలో రెండు లక్షణాలు ‘లేకపోవడాలు’ కావడం గమనార్హం: చెవి అంచులకు రాకపోవడం, నడుముకు రాకపోవడం. మొదటిది గజ్జిని, రెండోది ఫ్లీని పక్కకు తప్పిస్తుంది.

ఫ్లీ విషయంలో ఒక పూర్వపక్షం ఉంది: “మావాడి ఒంటిమీద ఒక్కటీ కనబడలేదు.” సమాధానం: అలర్జీ ఉన్న కుక్కకు కొద్ది కాట్లే చాలు, రోగం పురుగు ఉమ్మి వల్ల. పైగా గుడ్లు, లార్వాలు, ప్యూపాలు కుక్క మీద కాక పడకలో, చాపలో, గచ్చు పగుళ్లలో ఉంటాయి. సన్నపళ్ల దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లటి నలుసును తడి తెల్లకాగితం మీద వేస్తే చుట్టూ ఎర్రని చారలు విస్తరిస్తాయి. అది పురుగు పెంట, అంటే జీర్ణమైన రక్తం. మందు ఇంట్లోని కుక్కలకూ పిల్లులకూ అన్నింటికీ వేయాలి, నెలల తరబడి వేయాలి. అయితే కుక్కకు వేసే పర్మెత్రిన్ పిల్లికి విషం. పిల్లికి దాని మందు వేరే. గజ్జికి ఇంకో పరీక్ష: చెవి అంచును రెండు వేళ్ల మధ్య పెట్టి రుద్దితే వెనకకాలు గాలిలో తనంతట తనే గోకడం మొదలుపెడుతుంది. కుక్కను ఎత్తుకున్నవారి ముంజేతుల మీద కూడా ఎర్రని పొక్కులుంటే అనుమానం మరింత బలపడుతుంది. చర్మం గీకి చూసినా పురుగు తరచూ దొరకదు కనుక మందు వేసి చూడటమే నిర్ధారణ.

తిండి కూడా ఏం మార్చలేదు: ఇది యజమాని వైపు నుంచి బలమైన సాక్ష్యం, వైద్యుడి వైపు నుంచి శూన్యం. తిండి అలర్జీ కొత్త పదార్థానికే రావాలని లేదు. నెలలు, ఏళ్లు తిన్న పదార్థానికే శరీరం ఎదురుతిరుగుతుంది. 2016లో రాల్ఫ్ మ్యూలర్ బృందం అలర్జీ నిరూపితమైన 297 కుక్కల లెక్క తీస్తే గొడ్డుమాంసం 34 శాతం, పాల పదార్థాలు 17, కోడిమాంసం 15, గోధుమ 13 శాతం కుక్కల్లో కారణమని తేలింది. అవి ప్రధానంగా పాశ్చాత్య దేశాల గిన్నెలు. చికెన్ తోలు, పెరుగన్నం, రాత్రి మిగిలిన చపాతీ తినే తెలుగింటి కుక్క విషయంలో ఆ మూడింటినే ముందు అనుమానించడం న్యాయం.

రక్తపరీక్ష తిండి అలర్జీని నమ్మకంగా చెప్పదు. ఎన్నడూ తినని మాంసంతో గాని, ప్రొటీనును ముక్కలు చేసి తయారుచేసిన హైడ్రొలైజ్డ్ ఆహారంతో గాని కనీసం ఎనిమిది వారాలు నడపాలి. తగ్గితే పాత తిండి మళ్లీ పెట్టి, దురద తిరగబెడుతుందో లేదో చూడాలి. ఈ రెండో అంకం లేనిదే నిర్ణయం చెల్లదు. ‘ఏం’ అన్న సర్వనామం ఈ ఎనిమిది వారాల్లో అగ్నిపరీక్షకు గురవుతుంది. వ్రతం ఏడో వారంలో ఉండగా, మధ్యాహ్నం కాఫీ వేళ వాలుకుర్చీ పక్కనుంచి తాతయ్య చేయి కిందికి జారుతుంది, అందులో సగం బిస్కెట్టు ఉంటుంది. గోధుమ, పాలపొడి. మళ్లీ మొదటి వారం. నట్టల మాత్రకు పూసిన మాంసపు రుచి కూడా వ్రతభంగమే.

తాత్పర్యం: ఎక్కడ, ఎప్పటినుంచి, ఏం తింటూ అని చెప్పని దురదకు పేరు లేదు, పేరు లేని దురదకు ఇంజక్షన్ ఒకటి యజమాని కోరుచున్నాడని భావము.

క్షేపకాలు: మూలంలోకి పక్కింటివారు చొప్పించిన పాఠాలు ఇవి. కిరసనాయిలు రుద్దడం, బండి నుంచి తీసిన ఇంజనాయిలు పూయడం చర్మాన్ని కాలుస్తాయి. కుక్క నాకినప్పుడు కడుపులోకీ పోతాయి. మనుషుల షాంపూ కుక్క చర్మానికి తగదు. ఇంట్లో ఉన్న జలుబు మాత్ర వేయడం ఇంకా ప్రమాదం: అందులో సెట్రిజిన్‌తో పాటు సూడోఎఫెడ్రిన్ ఉంటే కుక్క ప్రాణానికే ముప్పు. ఒట్టి సెట్రిజిన్ అంత హాని చేయకపోయినా అటోపీ మీద దాని ప్రభావం స్వల్పమే.

ఒక ఇంజక్షను: లోకవాడుకలో దీని అర్థం స్టెరాయిడ్. పనిచేస్తుంది, దాని చిక్కంతా అక్కడే ఉంది. ఒకటి రెండు రోజుల్లో దురద పోతుంది, దానితోపాటు కారణాన్ని వెతికే ఓపికా పోతుంది. నీళ్లు విపరీతంగా తాగి రాత్రి హాల్లో మూత్రం పోయడం, ఆకలి పెరగడం వెంటనే కనబడతాయి. పదేపదే పొడిస్తే చర్మం పలచబడటం, కుషింగ్ జబ్బు వస్తాయి. వారాల తరబడి నిలిచే ఇంజక్షన్‌ను ఒకసారి వేశాక వెనక్కి తీయలేం, మాత్రనైతే తగ్గించుకుంటూ రావచ్చు. దురద సంకేతాన్ని అడ్డుకునే ఒక్లాసిటినిబ్ మాత్రలకు అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. ఏడాది నిండని కుక్కకు ఇవ్వరు. ఇంటర్‌ల్యూకిన్-31ను పట్టుకునే లోకివెట్‌మాబ్ నాలుగు నుంచి ఎనిమిది వారాలు పనిచేస్తుంది, అదీ ఇంజక్షనే. కనుక మూలపాఠం పూర్తిగా తప్పని కొట్టేయడానికి వీల్లేదు, ‘ఒక’ అన్న సంఖ్యతోనే పేచీ.

ఏ మందుకూ లొంగని దురద వెనక తరచూ స్టాఫిలోకోకస్ బ్యాక్టీరియా, మలసీజియా ఈస్టు దాగి ఉంటాయి. చెడిన నూనెలాంటి వాసన, మడతల్లో జిడ్డు వాటి గుర్తులు. పారదర్శక టేపును చర్మానికి అద్ది, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే తెలుస్తుంది. క్లోర్‌హెక్సిడిన్ షాంపూ పట్టించి పది నిమిషాలు ఉంచి కడగాలి. తడిసిన లాబ్రడార్‌ను బాత్రూములో పది నిమిషాలు నిలబెట్టడం ఎంతసేపో, విదిల్చినప్పుడు గోడలు చెబుతాయి. రెండు నిమిషాలకే నీళ్లు పోసేస్తే మందు పనిచేయదు.

ఇచ్చేయండి: ఇచ్చు ధాతువు మీద ‘వేయు’ అనుప్రయోగం, పని ఒక్కసారితో తెగిపోవాలని దాని అర్థం. గజ్జి అలా తెగుతుంది. కారణమైన పదార్థం దొరికి మానేస్తే తిండి అలర్జీ కూడా అణగి ఉంటుంది. అటోపీ తెగదు. అలర్జీ కారకాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి అలవాటు చేసే ఇమ్యునోథెరపీ ఒకటుంది గాని, ఫలించిందో లేదో తేలడానికి ఏడాది దాకా పట్టవచ్చు. ఈలోగా వారానికో స్నానం, నెలనెలా ఫ్లీ మందు, గోడ క్యాలెండరులో ప్రతి ఆదివారం గడిలో సున్నా నుంచి పది లోపు ఒక అంకె.