సరుకు డబ్బుతో కొన్న బండి

విజయవాడ వన్‌టౌన్‌లో మాది హోల్‌సేల్ బట్టల కొట్టు. ఈ వ్యాపారంలో గుమాస్తాగా చేరిన కుర్రాడికి కూడా మొదటి ఏడాదే తెలిసిపోయే సంగతి ఒకటుంది. దసరా అమ్మకాలు అయ్యాక గల్లాపెట్టెలో కనపడే డబ్బు లాభం కాదు, అది సంక్రాంతి సరుకు. సూరత్ పార్టీకి రొక్కం కడితే ధరలో తగ్గింపు ఇస్తాడు. అరువు పెడితే ఆ తగ్గింపు పోతుంది, పైన వడ్డీ పడుతుంది. నూజివీడు, తిరువూరు, గుడివాడ నుంచి వచ్చే చిన్న కొట్ల వాళ్లకు మనం అరువివ్వాలి కాబట్టి, కొనేచోట రొక్కం లేకపోతే రెండువైపులా నలిగిపోతాం. ఈ లెక్క మా నాన్న నాకు నేర్పాడు, నేను ఇద్దరు కుర్రాళ్లకు నేర్పాను. అలాంటి నేను కిందటి దసరాకు ఆ డబ్బు తీసుకెళ్లి ఒక విదేశీ కంపెనీ లగ్జరీ క్రాసోవర్‌కు డౌన్‌పేమెంటు కట్టాను. మిగతాది బ్యాంకు అప్పు. బండి వచ్చి నెలలు గడిచాయి. ఇంతకాలం ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఎందుకు కొన్నాను? అడిగినవాళ్లందరికీ ఒక జవాబు చెప్పాను: పన్ను తగ్గింది కదా అని. అది అబద్ధం కాదు. 2025 సెప్టెంబరు 22 దాకా నాలుగు మీటర్లు దాటిన ఇలాంటి బండి మీద 28 శాతం జీఎస్టీ, దానిమీద 22 శాతం సెస్సు, మొత్తం 50 శాతం ఉండేది. ఆ రోజు నుంచి సెస్సు పోయి ఒకే 40 శాతం అయింది. యాభై లక్షల బండి మీద మూడు లక్షలకు పైగా తగ్గింది. ఆ మూడు లక్షలు నాకు వచ్చిన రాబడిలాగా లెక్క వేసుకున్నాను. కొనకపోతే యాభై లక్షలూ నా దగ్గరే ఉంటాయన్న మాట మనసు వరకు రానివ్వలేదు. మన రాష్ట్రంలో ఇరవై లక్షలు దాటిన కారుకు జీవితకాల పన్ను 18 శాతం, అంటే ఇంకో తొమ్మిది లక్షలు. దానికి ఇన్సూరెన్సు, ఒక శాతం టీసీఎస్. రోడ్డెక్కేసరికి అరవై లక్షలు దాటిపోయింది. తగ్గిన మూడు లక్షల గురించి బజారంతా చెప్పాను. ఈ తొమ్మిది లక్షల గురించి ఇంట్లో కూడా చెప్పలేదు.

రెండో సాకు బుడమేరు. 2024 సెప్టెంబరులో వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్‌లో మా బావమరిది కారు పైకప్పు దాకా మునిగింది. అప్పటినుంచి ఎత్తు బండి ఉండాలని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. నిజానికి క్రాసోవర్ అంటే కారు చట్రం మీద కట్టిన కారే. కూర్చునే ఎత్తు పెరుగుతుంది, బానెట్ ఎత్తుగా కనిపిస్తుంది. నేలకూ బండి అడుగుకూ మధ్య ఉండే ఖాళీ మాత్రం నా పాత చిన్న కారుతో పోలిస్తే రెండు మూడు సెంటీమీటర్లే ఎక్కువ. నాది ముందు చక్రాలతో మాత్రమే నడిచేది. ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టంలోకి నీళ్లు వెళ్తే ఎంత ఖరీదైన బండైనా ఒకటే. నొక్కినా నీళ్లు కుదించుకుపోవు కాబట్టి లోపల కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఆ సమయంలో మళ్లీ స్టార్ట్ చేయబోతే నష్టం రెట్టింపు. మామూలు పాలసీ దానికి పైసా ఇవ్వదు, ఇంజిన్ ప్రొటెక్షన్ అని వేరే కవరు తీసుకోవాలి. ఇవన్నీ బండి కొన్న తర్వాత తెలుసుకున్నాను. బ్రోచర్‌లో ఉన్న కొండదారి బొమ్మ చూసి కొన్నాను.

మూడో సాకు వ్యాపారస్తుడిది. కొట్టు పేరు మీద తీసుకుంటే కట్టిన జీఎస్టీ అంతా ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుందని నమ్మాను. ఆడిటర్ గారిని ముందు అడగలేదు, బిల్లు తీసుకుని వెళ్లి అడిగాను. పదమూడు మందికి మించకుండా కూర్చునే ప్రయాణికుల వాహనానికి మనలాంటి వ్యాపారికి ఆ క్రెడిట్ రాదని ఆయన చెప్పారు. బాడుగకు తిప్పేవాళ్లకు, కార్లు అమ్మేవాళ్లకు, డ్రైవింగ్ స్కూళ్లకు తప్ప చట్టంలో దారి లేదు. ఆదాయపు పన్నులో ఏడాదికి 15 శాతం తరుగు చూపించుకోవచ్చు, అంతే. ఎన్నో ఏళ్లుగా నా లెక్కలు చూస్తున్న మనిషి. ఒక ఫోను చేస్తే రెండు నిమిషాల్లో చెప్పేవారు. చేయలేదు. వద్దంటారేమోనని భయం.

అసలు కారణం వేరే. మా కొట్టున్న బట్టల మార్కెట్ వస్త్రలతలోనే, నా తర్వాత వ్యాపారంలోకి వచ్చిన ఒకాయన అంతకు ముందు ఏడాది అలాంటి బండి కొన్నాడు. కానూరులో ఒక పెళ్లికి ఇద్దరం ఒకేసారి వెళ్లాం. ఆయన బండి గుమ్మం ముందు ఆపించి తలుపు తీశారు. నన్ను వెనక ఖాళీ స్థలంలో పెట్టుకోమన్నారు. పెట్టుకుని నడిచి వచ్చాను. ఎవరూ నన్ను అవమానించలేదు, ఆయన కూడా ఎప్పటిలాగే "రండి అన్నయ్యా" అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ నాలుగడుగుల నడక మాత్రం నా మనసులోంచి పోలేదు. అరవై లక్షలు దానికి ఖర్చు పెట్టాను.

కొనే ముందు నన్ను సరైన ప్రశ్న అడిగిన మనిషి ఒక్కడే. ఆటోనగర్‌లో మా పాత బండి చూసే మేస్త్రీ. షోరూంలో రంగు అడిగారు, సన్‌రూఫ్ అడిగారు, ఎన్నేళ్లకు ఈఎంఐ పెట్టమంటారని అడిగారు. మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "రోజుకి ఎంత తిరుగుతారండీ మీరు?" అన్నాడు.

"ఎంతేముంది. ఇంటి నుంచి కొట్టుకి, కొట్టు నుంచి ఇంటికి."

"అయితే డీజిలు వద్దండీ. ఇప్పుడొచ్చే డీజిలు బళ్లకి రోజూ హైవే కావాలి. మీ తిరుగుడుకి మసి పట్టేసుద్ది."

నేను డీజిలే తీసుకున్నాను. మైలేజీ వస్తుందని, లాగుడు బాగుంటుందని, అందరూ అదే తీసుకుంటున్నారని. ఆటోనగర్ మేస్త్రీకి లగ్జరీ బండి గురించి ఏం తెలుస్తుందని కూడా అనుకున్నాను. అన్నిటికన్నా సిగ్గుపడేది ఈ మాటకే.

ఆయన చెప్పిన మసి సంగతి ఇది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 నియమాలు వచ్చాయి. డీజిల్ కారు పొగగొట్టం నుంచి వచ్చే మసి కిలోమీటరుకు నాలుగున్నర మిల్లీగ్రాములు దాటకూడదు. అందుకోసం పొగ దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టరు పెట్టారు. సన్నటి రంధ్రాల గోడల మధ్య మసిని పట్టి ఉంచుతుంది. నిండాక దాన్ని పారేయరు, కాల్చేస్తారు. ఇంజిన్ తనంతట తనే కాస్త ఎక్కువ డీజిలు పోసి, ఆ ఫిల్టరును ఆరువందల డిగ్రీల వేడి దాకా తీసుకెళ్తుంది. ఆ వేడి నిలవాలంటే బండి పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా మంచి వేగంలో పోవాలి. మా ఇల్లు సత్యనారాయణపురం. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఆటోలు, తోపుడు బళ్లు, హమాలీల మధ్య ఫస్టు, సెకండు గేర్లలో పాకుతూ కొట్టుకు చేరేసరికి ఇంజిన్ సరిగ్గా వేడెక్కను కూడా వేడెక్కదు. కాల్చడం మొదలయ్యే లోపల నేను తాళం తీసేస్తాను. సాయంత్రం మళ్లీ అదే. కాలని ఆ అదనపు డీజిలు సిలిండర్ గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది, ఆయిలు పలచబడుతుంది.

ఒకరోజు డ్యాష్‌బోర్డు మీద ఆ ఫిల్టరు పసుపు లైటు వెలిగింది. కొత్త బండికి ఏమవుతుందిలే అనుకున్నాను. పుస్తకం తెరిచి చూడలేదు. కొన్ని వారాల తర్వాత, అమ్మను నందిగామలో మా పిన్ని ఇంటికి తీసుకెళ్తుంటే కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కాక బండి శక్తి పోయింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా కదలడం లేదు. వెనక లారీలు హారన్లు. లింప్ మోడ్ అంటారట దాన్ని, ఇంజిన్ తనను తాను కాపాడుకోవడానికి బలం తగ్గించుకుంటుంది. అమ్మకు ఎనభై దాటాయి. ముందు సీటు హ్యాండిల్ గట్టిగా పట్టుకుని కూర్చుంది, ఒక్క మాట అనలేదు. భవానీపురం వైపు దిగేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

సర్వీస్ సెంటర్లో కంప్యూటర్ తగిలించి ఫిల్టరును బలవంతంగా కాల్చారు, ఆయిలు మార్చారు. తప్పు వాళ్లది కాదు, బండిదీ కాదు. అక్కడి కుర్రాడు మాన్యువల్‌లో ఆ పేజీ తీసి నా ముందు పెట్టాడు. లైటు వెలిగితే ఏం చేయాలో బొమ్మతో సహా ఉంది. యాడ్‌బ్లూ సంగతీ అప్పుడే చదివాను. నీళ్లలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రావణం, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను విరిచేయడానికి వేరే ట్యాంకులో పోస్తారు. అది పూర్తిగా అయిపోతే ఇంజిన్ ఆపాక మళ్లీ స్టార్ట్ కాదు.

ఇప్పుడు ఆదివారం తెల్లవారుజామున లేచి గొల్లపూడి మీదుగా హైదరాబాద్ రోడ్డెక్కి, కంచికచర్ల దాకా వెళ్లి వెనక్కి వస్తున్నాను. అక్కడ నాకు ఎవరూ లేరు, ఏ పనీ లేదు. లీటరు వందకు దగ్గరగా ఉన్న డీజిలు పోసి, బండి పొగగొట్టం శుభ్రం చేయించుకుని వస్తున్నాను. ఇన్నేళ్లూ ఆదివారం పొద్దున్న మా ఆవిడతో కూర్చుని కాఫీ తాగుతూ పేపరు చదివేవాణ్ణి.

మంచి లేదని అనను. బండి మీద కోపంతో అబద్ధం రాయకూడదు. ఆ హైవే మీద అది నిజంగా గొప్ప బండి. నూరు కిలోమీటర్ల వేగంలో లోపల మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. హైదరాబాద్ వెళ్లి దిగితే నడుము నొప్పి ఉండదు. ముందు వాహనం హఠాత్తుగా ఆగితే నాకన్నా ముందే బ్రేకు పట్టుకుంటుంది, చిల్లకల్లు దగ్గర ఒకసారి ఆ బ్రేకే మమ్మల్ని కాపాడింది. అన్నిటికన్నా అమ్మ. పాత కారులో కిందికి కూలబడి, లేవడానికి ఇద్దరి సాయం కావలసి వచ్చేది. దీని సీటు సరిగ్గా ఆమె నడుము ఎత్తులో ఉంది, పక్కకు తిరిగి కూర్చుంటే చాలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ ఎత్తు విలువ తెలుస్తుంది. కాని అదే ఎత్తు పదిహేను లక్షల పెట్రోలు బండిలోనూ దొరుకుతుంది. అమ్మ కోసం కొన్నానని చెప్పుకునే హక్కు నాకు లేదు.

ఊళ్లో మాత్రం రోజూ ఇబ్బందే. నాలుగున్నర మీటర్ల పొడవు, అద్దాలు కాకుండానే రెండు గజాల వెడల్పు. కొట్టు సందులోకి రాదు. దూరంగా డబ్బిచ్చి పెట్టుకుని నడిచి వస్తున్నాను. పెళ్లిలో నడిచినదానికన్నా ఎక్కువే నడుస్తున్నాను, రోజూ.

సంక్రాంతి సరుకుకు రొక్కం లేదు. సూరత్ నుంచి అరువు మీద తెచ్చాను, తగ్గింపు పోయింది. చాలకపోతే బజారులో నూటికి రూపాయిన్నర వడ్డీకి తెచ్చాను. తిరువూరు నుంచి పాతికేళ్లుగా వచ్చే ఒక కొట్టాయన అడిగినంత అరువు ఇవ్వలేకపోయాను. ఆయన పక్క కొట్టుకు వెళ్లాడు. దసరా రోజున బండికి నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, కనకదుర్గమ్మ కొండ కింద పూజ చేయించుకుని ఇంటికి వచ్చినప్పుడు మా ఆవిడ హారతి పళ్లెం పట్టుకుని, "సంక్రాంతి సరుక్కి ఏం చేస్తారండీ?" అని నెమ్మదిగా అడిగింది. శుభమా అని బండి తెస్తే ఈ మాటేమిటని కసిరాను. ఆ తర్వాత ఇంతవరకూ ఆమె ఆ ఊసెత్తలేదు. వడ్డీ కట్టడానికి తన పేరున ఉన్న డిపాజిట్ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది.

అమ్మేద్దామా అని చూశాను. ఇన్సూరెన్సు లెక్కలోనే ఆరు నెలలు దాటితే 15 శాతం, ఏడాది దాటితే 20 శాతం తరుగు. అమ్మకానికి పెడితే బయటివాళ్లు అంతకన్నా తక్కువకు అడిగారు. బ్యాంకు బాకీ తీరగా మిగిలేది నేను కట్టిన డౌన్‌పేమెంటులో సగానికి రాదు. అయినా అమ్ముతున్నాను. వచ్చిన దాంతో ముందు బజారు వడ్డీ బాకీ, తర్వాత మా ఆవిడ డిపాజిట్. అమ్మకు సీటు ఎత్తుగా ఉండే పెట్రోలు బండి ఒకటి, వాడినదైనా సరే, మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్లి చూస్తాను.

వచ్చే దసరాకు పెద్ద బండి తీసుకుందామనుకునే తోటి వర్తకులకు ఒక్క మాట. షోరూంకు వెళ్లేముందు మీ ఆడిటర్‌కు ఒక ఫోను చేయండి, మీ పాత బండి చూసే మేస్త్రీ దగ్గర ఒక పావుగంట కూర్చోండి. మీ చేతిలో ఉన్నది సరుకు డబ్బయితే, ఇంట్లోవాళ్లు అడిగే దాకా ఆగకుండా మీరే ఆ సంగతి వాళ్లకు చెప్పండి.